అమ్మ రోజూ వేసుకునే మోకాళ్ళ నొప్పి బిళ్ళ: పక్కన గ్యాస్ బిళ్ళ ఉంటే చాలా?

కృష్ణాతీరం (తెనాలి / బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా అమ్మకు అరవై నాలుగేళ్ళు. తెనాలి దగ్గర పల్లెలో ఉంటుంది, నేను బెంగళూరులో. మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు చెప్పి చాలాకాలమైంది. ఆపరేషన్ మాట ఎత్తితే "నన్ను కోయించకండిరా" అంటుంది.

ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు ఆవిడ మందుల డబ్బా తీసి చూశాను. ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన బిళ్ళ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. టౌన్లో ఎముకల డాక్టరు ఎప్పుడో రాసిన ఎటోరికాక్సిబ్ 90 ఇంకా నడుస్తూనే ఉంది. నొప్పి మరీ ఎక్కువైతే ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు వచ్చి డైక్లోఫెనాక్ సూది వేసి వెళ్తారు. ఇవి కాక బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిపిన బిళ్ళ, షుగర్‌కి మెట్‌ఫార్మిన్.

"పరగడుపున గ్యాస్ బిళ్ళ వేసుకుంటున్నానుగా, ఇంకేం అవుతుంది" అని ఆవిడ ధైర్యం. ఈమధ్య పాదాలు కొంచెం వాస్తున్నాయట, బీపీ కూడా మాట వినడం లేదట. నాకు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

వాదనలరాముడు (విజయవాడ)

మరీ అంత భయపడకండి. మా మేనమామ ఇరవై ఏళ్ళుగా నొప్పి బిళ్ళలు మింగుతున్నాడు, డెబ్భై ఆరేళ్ళ వయసులో పొలం వెళ్ళొస్తాడు. నెట్‌లో చదివితే మంచినీళ్ళు తాగినా ప్రమాదమే అని రాసుంటుంది.

ఖమ్మం మెడికల్స్ (ఖమ్మం, డీ ఫార్మసీ)

మందుల షాపు నడిపేవాడిగా చెప్తున్నా. కృష్ణాతీరం గారూ, ముందు ఒక్క విషయం గమనించండి. మీరు రాసినవాటిలో ఎసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్, డైక్లోఫెనాక్ మూడూ వాపు, నొప్పి తగ్గించే ఒకే కుటుంబం. ఎసిక్లోఫెనాక్ ఒంట్లోకి వెళ్ళాక కొంత డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. అంటే సూది వేయించుకున్న రోజు అమ్మగారి ఒంట్లో ఒకే పని చేసే మందు మూడు దారుల్లో పడుతోంది. ముగ్గురు మనుషులు ఇచ్చారు, ఏ ఒక్కరికీ మిగతా ఇద్దరు ఇచ్చింది తెలియదు.

మా షాపులో రోజూ చూసేదే ఇది. ఖాళీ అయిన స్ట్రిప్పు ముక్క కత్తిరించి పట్టుకొస్తారు. "ఇదే ఇయ్యి అన్నా, ఓ పది గోళీలు, గ్యాస్ గోళీ కూడా వెయ్యి" అంటారు. అట్ట మీద ఆర్‌ఎక్స్ గుర్తు ఉంటుంది, షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా ఇవ్వకూడదు. నేను ఇవ్వకపోతే పక్క షాపులో ఇస్తారు. నేను మంచోడినని చెప్పుకోవడం లేదు, జరిగేది చెప్తున్నా.

డ్యూటీడాక్టర్ (విశాఖపట్నం, జనరల్ మెడిసిన్)

పైన ఖమ్మం గారు చెప్పింది అసలు పాయింటు. నేను ఇంకొంచెం వివరంగా రాస్తాను. పోస్టు పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఈ మందులు పని చేసేది ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల మీద. దెబ్బ తగిలినచోట, అరిగిన కీలు దగ్గర వాపు, నొప్పి పుట్టించేవి అవే. ఆస్పిరిన్ ఇవి తయారు కాకుండా ఆపుతుందని జాన్ వేన్ 1971లో చూపించాడు, 1982లో నోబెల్ వచ్చింది. చిక్కు ఏమిటంటే ఆ రసాయనాలకు వేరే ఉద్యోగాలు కూడా ఉన్నాయి. కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేది అవే. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్న నాళాన్ని తెరిచి ఉంచేదీ అవే. బిళ్ళకు మోకాలు ఏదో, కిడ్నీ ఏదో తెలియదు.

గ్యాస్ బిళ్ళ కాపాడేది కడుపుని, చిన్నపేగు మొదటి భాగాన్ని. అక్కడ నిజంగానే పుండ్లు, రక్తస్రావం తగ్గిస్తుంది, పెద్ద వయసువాళ్ళకు మేం కూడా రాస్తాం. కానీ కిడ్నీకి, గుండెకి, బీపీకి దాంతో ఏ రక్షణా లేదు. చిన్నపేగు కింది భాగానికి కూడా లేదు. ఇంకో అపోహ, "సూది అయితే కడుపులో పడదు కదా, మంచిది" అని. మందు రక్తంలో కలిసి వచ్చి కడుపు పొరను బలహీనం చేస్తుంది కాబట్టి సూదైనా బిళ్ళైనా ఆ ప్రమాదం పోదు.

ఇప్పుడు అమ్మగారి బీపీ బిళ్ళ సంగతి. టెల్మిసార్టాన్ కిడ్నీ నుంచి రక్తం బయటకు పోయే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ నీటిని బయటకు పంపిస్తుంది. ఈ రెండూ మంచి మందులే. వీటి మీద నొప్పి బిళ్ళ పడితే లోపలికి వచ్చే నాళం బిగుస్తుంది. వచ్చేది తగ్గింది, పోయే దారి వదులైంది, ఒంట్లో నీరూ తక్కువ. వడపోతకు కావాల్సిన ఒత్తిడే ఉండదు. ఈ మూడు కలిస్తే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినొచ్చని వైద్యంలో అందరికీ తెలిసిన హెచ్చరిక. మామూలు రోజుల్లో నెట్టుకొచ్చినా, రెండు విరేచనాలో, ఎండదెబ్బో, జ్వరమో తోడైతే బయటపడుతుంది.

పాదాల వాపు, బీపీ అదుపు తప్పడం రెండూ ఈ మందుల వల్ల రావచ్చు. ఇవి ఉప్పును, నీటిని ఒంట్లో నిలబెడతాయి. ముఖ్యంగా ఎటోరికాక్సిబ్. బీపీ 140/90 దాటి అదుపులో లేనివాళ్ళకు అది వాడకూడదని యూరప్‌లో స్పష్టంగా రాసిపెట్టారు. వాపుకు గుండె, లివర్ లాంటి వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి చూడకుండా నేను తేల్చను.

ఈ వారంలోనే సీరమ్ క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పని చేస్తోందో చెప్పే రక్త పరీక్ష), పొటాషియం, హిమోగ్లోబిన్, మూత్ర పరీక్ష చేయించండి. ఈలోపు బీపీ బిళ్ళ ఆపకండి. ఆపాల్సింది నొప్పి బిళ్ళలు, సూది. పారాసెటమాల్ ఒక్కటీ విడిగా వాడుకోవచ్చు. క్రియాటినిన్ పెరిగి ఉంటే మెట్‌ఫార్మిన్ మోతాదు కూడా చూడాల్సి వస్తుంది, అది మీ ఫిజీషియన్ చూస్తారు.

కృష్ణాతీరం

డాక్టరు గారూ, చాలా థ్యాంక్స్. ఈ బీపీ బిళ్ళతో కలిపి వేసుకోకూడదని మాకు ఎవరూ చెప్పలేదండీ. రేపే తమ్ముణ్ణి గుంటూరు తీసుకెళ్ళమంటాను. ఒక సందేహం. మలం నల్లగా వస్తోందని ఒకసారి అన్నది, ఐరన్ బిళ్ళ వల్ల అనుకున్నాం.

డ్యూటీడాక్టర్

ఐరన్ వల్ల కూడా నల్లబడుతుంది. కానీ తారులాగా జిగటగా, విపరీతమైన వాసనతో వస్తే పైపేగుల్లో రక్తం కారుతున్నట్టు. ఈ మందుల వల్ల పడే పుండు చాలాసార్లు నొప్పే తెలియనివ్వదు, నొప్పి తగ్గించే మందే కదా పడుతున్నది. మొదటి గుర్తు ఆ నలుపో, నడిస్తే ఆయాసమో అవుతుంది. మళ్ళీ అలా వస్తే, లేదా కళ్ళు తిరిగితే, పరీక్షల కోసం ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి.

వాదనలరాముడు

డాక్టరు గారూ, మీ మాట కాదనను. కానీ ఒకటి అడుగుతాను. ఊళ్ళో ముసలావిడ నొప్పితో మంచం దిగలేకపోతే పొయ్యి ఎవరు వెలిగిస్తారు? నడక తగ్గితే బరువు పెరుగుతుంది, షుగర్ పెరుగుతుంది. "బిళ్ళ ఆపెయ్" అని చెప్పడం తేలిక. నొప్పి పడేది మీరు కాదు.

డ్యూటీడాక్టర్

ఇది న్యాయమైన ప్రశ్నే. ఈ మందులు చెడ్డవని నేను అనలేదు, అనను కూడా. బెణుకు, పంటి నొప్పి, గౌట్, నెలసరి నొప్పి, వాతపు కీళ్ళ జబ్బులు, వీటికి ఇవి బాగా పని చేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న ముప్పై ఏళ్ళ మనిషి నాలుగు రోజులు వేసుకుంటే చాలావరకు ఏమీ కాదు.

లెక్క చెప్తాను. 2013లో లాన్సెట్ పత్రికలో చాలా ట్రయల్స్ కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. డైక్లోఫెనాక్ రోజుకు 150 మిల్లీగ్రాముల లాంటి పెద్ద మోతాదులో ఏడాదిపాటు వాడిన ప్రతి 1000 మందిలో, వాడనివాళ్ళతో పోలిస్తే గుండెపోటు, పక్షవాతం లాంటివి ఓ ముగ్గురికి అదనంగా వచ్చాయి, అందులో ఒకరు చనిపోయారు. 1000కి ముగ్గురంటే మీ మేనమామ మిగతా 997లో ఉండటంలో వింత లేదు. కానీ ఆ ముగ్గురు ఎవరవుతారనేది గాలివాటం కాదు. అప్పటికే బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. కృష్ణాతీరం గారి అమ్మగారు ఆ కోవలోనే ఉన్నారు. అందుకే ఆవిడకు ఒక సలహా, మీ మామయ్యకు ఇంకో సలహా. మామయ్యకు కూడా ఏడాదికోసారి క్రియాటినిన్ చూపించండి, పోయేదేం లేదు.

టెక్సాస్ బాబాయ్ (డాలస్)

గుండె మాట వచ్చింది కాబట్టి. ఇక్కడ వయాక్స్ గొడవ కళ్ళారా చూసినవాణ్ణి. అసలు పేరు రోఫెకాక్సిబ్, మెర్క్ కంపెనీది, 1999లో వచ్చింది. కడుపులో పుండ్లు చేయని కొత్త తరం నొప్పి బిళ్ళ అని టీవీ నిండా ప్రకటనలు. 2000లో వచ్చిన వాళ్ళ సొంత ట్రయల్లోనే నాప్రాక్సెన్ అనే పాత నొప్పి బిళ్ళ వాడినవాళ్ళ కంటే వీళ్ళకు గుండెపోట్లు ఎక్కువ కనిపించాయి. మా మందు చెడు చేయలేదు, నాప్రాక్సెనే గుండెను కాపాడింది అని సమర్థించుకున్నారు! చివరికి ఇంకో ట్రయల్లో ఉత్తుత్తి బిళ్ళతో పోల్చి చూసినా అదే తేలింది. 2004 సెప్టెంబర్ 30న మందును ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు. ఎఫ్‌డీఏలోనే (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) పని చేసే డేవిడ్ గ్రాహం బృందం వేసిన అంచనా ప్రకారం అమెరికాలోనే 88 వేల నుంచి లక్షా 40 వేల వరకు తీవ్రమైన గుండె జబ్బు కేసులు అదనం. 2007లో కేసుల పరిష్కారానికి 485 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు.

కృష్ణాతీరం గారి అమ్మగారు వేసుకునే ఎటోరికాక్సిబ్ కూడా ఆ కంపెనీ తెచ్చిన మందే. 2007లో ఎఫ్‌డీఏ దాన్ని ఒప్పుకోలేదు. ఇక్కడ అమ్మరు. ఇండియా వచ్చినప్పుడు ప్రతి మందుల షాపులో కనిపిస్తుంది.

మనవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఊరెళ్ళేటప్పుడు సూట్‌కేసులో అడ్విల్, అలీవ్ డబ్బాలు పెట్టుకెళ్ళి "అమెరికా మందు, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అని పంచిపెడతాం. అడ్విల్ అంటే ఐబూప్రోఫెన్ 200. అలీవ్ అంటే నాప్రాక్సెన్. నొప్పికి 10 రోజుల కంటే డాక్టరు చెప్పకుండా వాడొద్దని ఆ డబ్బా మీదే ఉంటుంది. మూడొందల బిళ్ళల డబ్బా అత్తగారి చేతిలో పెట్టాక ఆ అక్షరాలు ఎవరు చదువుతారు?

గోదారిగట్టు (రాజమండ్రి)

బాబాయ్ గారూ, మా నాన్నగారికి స్టెంట్ వేశారు. ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) 75 రోజూ. నడుం నొప్పికి ఐబూప్రోఫెన్ వేసుకుంటారు. ఎకోస్ప్రిన్ కూడా ఈ జాతే అంటున్నారు, ఆపెయ్యాలా?

డ్యూటీడాక్టర్

ఎకోస్ప్రిన్ ఆపొద్దు!! స్టెంట్ ఉన్నవాళ్ళు సొంతంగా ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టే ప్రమాదం ఉంది. ఆపాల్సింది ఐబూప్రోఫెన్. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్ల మీద ఎక్కడ అతుక్కోవాలో అక్కడే ఐబూప్రోఫెన్ ముందుగా వెళ్ళి కూర్చుంటే ఆస్పిరిన్‌కి చోటు దొరకదు, రోజూ వేసుకున్నా గుండెకు అందాల్సిన రక్షణ సరిగా అందదు. పైగా రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం ఎక్కువ. స్టెంట్ ఉన్నవాళ్ళకు ఏ నొప్పి బిళ్ళైనా గుండె డాక్టర్ని అడిగాకే. వెంటనే ఫోన్ చేసి అడగండి.

ఉద్దానం కుర్రోడు (సోంపేట)

కిడ్నీ అనే మాట వినగానే ఆగి చదివాను. మా ఉద్దానంలో (శ్రీకాకుళం జిల్లా), కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు ఇంటికొకరు డయాలసిస్ మాట మాట్లాడతారు. బీపీ, షుగర్ లేనివాళ్ళకు కూడా కిడ్నీలు పోతున్నాయి. భూగర్భ జలాలు, సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో నీళ్ళు తాగకుండా పని, వంశపారంపర్యం, అన్నీ పరిశోధించారు. ఇదే కారణమని ఒక్కటీ తేల్చలేదు. నొప్పి బిళ్ళలు కూడా అనుమానాల జాబితాలో ఉన్నవే.

నేను చెప్పేది నొప్పి బిళ్ళల వల్లే ఉద్దానం జబ్బు వచ్చిందని కాదు. ఎవరైనా అలా రాస్తే నమ్మకండి కూడా. కానీ జీడితోటల్లో, కొబ్బరి దింపుల్లో ఎండలో పని చేసేవాళ్ళు సాయంత్రానికి ఒళ్ళు నొప్పులని కిళ్ళీకొట్టులో బిళ్ళ కొనుక్కోవడం మా దగ్గర మామూలు. చెమటకు ఒంట్లో నీరు ఇంకిపోయి ఉంటుంది, పైన ఈ బిళ్ళ. డాక్టరు గారు రాసిన లెక్క ప్రకారం అప్పటికే దెబ్బతిన్న కిడ్నీ మీద ఇంకో దెబ్బే కదా. 2023 డిసెంబర్లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి మంచినీటి పైపులు వచ్చాయి. కిళ్ళీకొట్టు బిళ్ళ మాత్రం ఎవరూ ఆపలేదు.

ఖమ్మం మెడికల్స్

తమ్ముడూ, కిళ్ళీకొట్టులో దొరకడం ఒక ఎత్తు. ఊళ్ళల్లో "కీళ్ళవాతం పొడి" పొట్లాలు ఇంకో ఎత్తు. ఆకు మందు, పసరు మందు అంటారు. ఒక్క పూటలో నొప్పి పోతుంది. అధికారులు పరీక్ష చేయించినప్పుడు ఇలాంటి పొడుల్లో డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు బయటపడ్డ సందర్భాలు మన దేశంలో ఉన్నాయి. అది వాడేవాళ్ళ మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, ఆకలి విపరీతం, షుగర్ పైకి పోతుంది. "మందు ఒంటికి పట్టింది, మనిషి కళకళలాడుతున్నాడు" అనుకుంటారు.

డ్యూటీడాక్టర్

దానికి ఒక్క మాట. అలాంటి పొడి నెలల తరబడి వాడినవాళ్ళు ఉన్నట్టుండి మానేయకూడదు. స్టెరాయిడ్ ఉండి ఉంటే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పొట్లం తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి, దాచకుండా చెప్పండి. మేం తిట్టం. (కొందరు తిడతారు, అది వేరే సంగతి.)

ఓరుగల్లు పిల్ల (వరంగల్)

అందరూ మోకాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. మా హాస్టల్లో ప్రతి అమ్మాయి బ్యాగులో మెఫెనమిక్ యాసిడ్ గోళీ ఉంటుంది. నెలసరి నొప్పికి. దాని మీద గవర్నమెంటు వార్నింగ్ వచ్చిందని వాట్సాప్‌లో తిరిగింది, అందరం భయపడ్డాం. నిజమేనా?

డ్యూటీడాక్టర్

వార్నింగ్ నిజమే, కంగారు అక్కర్లేదు. ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 చివర్లో ఇచ్చింది. ఆ మందు వల్ల అరుదుగా డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ రావచ్చని. ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరం, గ్రంథుల వాపు, లోపల లివర్ లాంటివి దెబ్బతినడం. మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో వస్తుంది. దద్దుర్లతో జ్వరం కూడా వస్తే గోళీ ఆపి డాక్టరు దగ్గరకు పరిగెత్తండి.

నెలసరి నొప్పి పుట్టేదే ప్రోస్టాగ్లాండిన్ల వల్ల, గర్భసంచి బిగుసుకుంటుంది. అందుకే ఈ జాతి మందు దానికి సరైన మందు. నొప్పి మొదలవగానే, ఏదైనా తిన్నాక, రెండు మూడు రోజులు వాడితే చాలు. కాకపోతే ఆస్తమా ఉన్నవాళ్ళు జాగ్రత్త, కొందరికి ఈ మందులతో ఆయాసం ఎగదన్నుతుంది. ప్రతి నెలా గోళీలకు లొంగని నొప్పి అయితే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) ఉందేమో చూపించుకోవాలి. గర్భిణులైతే 20 వారాలు దాటాక ఈ మందులకు దూరంగా ఉండాలని 2020లో ఎఫ్‌డీఏ చెప్పింది, బిడ్డ కిడ్నీలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గే ప్రమాదం ఉంది.

ఓరుగల్లు పిల్ల

థ్యాంక్యూ డాక్టర్. హాస్టల్ గ్రూపులో పెడతా. ఇంకోటి, వానాకాలం జ్వరాలకు మా దగ్గర కాంబిఫ్లామ్ మింగేస్తారు, అది కూడా ఇదేనా?

ఖమ్మం మెడికల్స్

ఇదే చెల్లీ. అందులో ఐబూప్రోఫెన్ 400, పారాసెటమాల్ 325 ఉంటాయి. వానాకాలం జ్వరమంటే డెంగీ కాదని తేలేదాకా ఈ జాతి మందు ఏదీ వద్దు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, వీటివల్ల రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఒట్టి పారాసెటమాలే వేసుకోవాలి. నిమెసులైడ్ సంగతి కూడా ఇక్కడే చెప్తా. జ్వరం టక్కున దించుతుందని జనానికి ఇష్టం. లివర్ దెబ్బతింటోందని 2002లో ఫిన్లాండ్, స్పెయిన్, 2007లో ఐర్లాండ్ అమ్మకం ఆపేశాయి. అమెరికాలో అసలు అనుమతే రాలేదు. మన దగ్గర 2011 నుంచి 12 ఏళ్ళలోపు పిల్లలకు వాడకూడదు. అయినా "పిల్లోడికి ఆ పచ్చ సిరప్ లేదా అన్నా" అని ఇప్పటికీ అడుగుతారు.

రాబందు రెక్క (మంచిర్యాల)

చర్చను పక్కదోవ పట్టిస్తున్నానంటే తిట్టకండి, కిడ్నీల మాటే. పశువులకు వాపు తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ మన రాబందుల్ని తుడిచిపెట్టేసింది. సూది వేసిన పశువు చచ్చిపోతే దాని మాంసం తిన్న రాబందుకు రోజుల్లో కిడ్నీలు ఆగిపోతాయి. కోసి చూస్తే లోపలి అవయవాల మీద యూరిక్ యాసిడ్ తెల్లగా పేరుకుని ఉంటుంది. పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందుల్ని పరీక్షించి ఓక్స్ బృందం 2004లో నేచర్ పత్రికలో దీన్ని బయటపెట్టింది. తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 మధ్య దేశంలో 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించారు. అయినా మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు వాడుతుంటే, 2015లో ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో పశువులకు ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్ కూడా ఆపారు. ఎసిక్లోఫెనాక్ డైక్లోఫెనాక్‌గా మారుతుందని ఖమ్మం అన్న పైన రాశాడే, పశువుల ఒంట్లో కూడా అదే జరుగుతుంది.

మా దగ్గర బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద రాబందుల గూళ్ళు కనిపించినప్పుడు ఎంత సంబరపడ్డామో. పశువుల డాక్టర్లు మెలాక్సికామ్ వాడితే రాబందులకు ప్రమాదం లేదు. పాడి ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

వాదనలరాముడు

పక్కదోవే గానీ బాగుంది. ఈ రాబందుల కథ నాకు తెలియదు.

కృష్ణాతీరం

రిపోర్టులు వచ్చాయి. క్రియాటినిన్ 1.6, పొటాషియం 5.4, హిమోగ్లోబిన్ 9.8. పోయినేడు క్రియాటినిన్ 0.9 అని పాత కాగితం దొరికింది. ఫిజీషియన్ గారు నొప్పి బిళ్ళలన్నీ ఆపేశారు, బీపీ మందు తాత్కాలికంగా మార్చారు, మెట్‌ఫార్మిన్ తగ్గించారు. ఎండోస్కోపీలో కడుపులో చిన్న పుండు. అమ్మకి పొట్టలో ఒక్కనాడూ నొప్పి లేదు!

రెండు వారాల్లో మళ్ళీ పరీక్ష. అసలు చిక్కు ఇప్పుడు మొదలైంది. మోకాళ్ళు పట్టేశాయి, రాత్రిళ్ళు నిద్రపోవడం లేదట. ఆర్‌ఎంపీ గారికి ఫోన్ చేసి సూది వేయొద్దని చెప్తే ఆయనకు కోపం వచ్చింది. "ఇన్నేళ్ళుగా మీ అమ్మని నడిపిస్తున్నది ఎవరు" అన్నారు. నిజానికి అర్ధరాత్రి పిలిచినా వచ్చేది ఆయనే. ఆయనతో తగువు పెట్టుకోలేను. ఏం చేయాలి?

ఫిజియో అక్క (కాకినాడ)

కృష్ణాతీరం తమ్ముడూ, ఇక్కడ నా వంతు. మోకాలి అరుగుదలకు మొదటి మందు తొడ ముందు కండరం. కాలు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలితో దాన్ని కిందికి నొక్కి, ఐదంకెలు లెక్కపెట్టి వదలడం. పది సార్లు, పూటకోసారి. మొదటి రెండు వారాలు అమ్మ నన్ను తిడుతుంది. తిట్టనీ. నెలన్నర దాటాకే తేడా తెలుస్తుంది, అప్పటిదాకా ఆపకుండా చేయించాలి.

ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ పెట్టించండి, లేకపోతే ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ అయినా కొనండి. ముక్కాలిపీట మీద కూర్చుని కూరగాయలు తరగడం, బాసింపట్టు వేసుకుని టీవీ చూడటం మాన్పించండి. మంచం ఎత్తు పెంచండి. చేతికర్ర నొప్పి ఎక్కువున్న కాలికి ఎదుటి చేతిలో పట్టుకోవాలి, చాలామంది అటుది ఇటు పట్టుకుంటారు.

నొప్పికి డైక్లోఫెనాక్ జెల్ రాయొచ్చా అని డాక్టర్ని అడగండి. రాసిన చోట పనిచేస్తుంది, రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ.

డ్యూటీడాక్టర్

అక్క చెప్పినదానికి చిన్న చేర్పు. బిళ్ళతో పోలిస్తే జెల్ నుంచి రక్తంలోకి వెళ్ళేది సుమారు 6 శాతం. అందుకే మోకాళ్ళకు ముందు జెల్, ఆ తర్వాతే బిళ్ళ అంటారు. కానీ అమ్మగారి కిడ్నీ ఇప్పుడే దెబ్బతింది, క్రియాటినిన్ కిందికి దిగాకే మొదలుపెట్టండి, అదీ మీ ఫిజీషియన్‌ని అడిగి. జెల్ రాసి పైన వేడినీళ్ళ బ్యాగు పెట్టొద్దు, గుడ్డ బిగించి కట్టొద్దు, మందు ఎక్కువ లోపలికి పోతుంది. ఈలోపు పారాసెటమాల్ 500 లేదా 650, మొత్తం రోజుకు 3 గ్రాములు దాటకుండా. జలుబు బిళ్ళల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది, దాన్నీ లెక్కలో వేసుకోండి.

ఆర్‌ఎంపీ గారి విషయంలో నా మాట వింటే, గొడవ వద్దు. రిపోర్టు జిరాక్స్ ఆయన చేతిలో పెట్టండి. "పొద్దున్న ఒకరు, సాయంత్రం ఇంకొకరు ఇస్తున్నట్టు మీకూ తెలియదు కదా, ఇకమీదట మీరే చూసుకోవాలి, ఈ జాతి మందు ఏదీ పడకుండా" అని ఆయనకే అప్పజెప్పండి. చాలామంది వింటారు.

కృష్ణాతీరం

అలాగే చేశాం. ఆయన కాగితం చదివి, "1.6 ఉందా, నాకు చెప్పొద్దా" అన్నారట. ఇప్పుడు వచ్చినప్పుడల్లా బీపీ చూసి రాసిపెడుతున్నారు. రెండోసారి పరీక్షలో క్రియాటినిన్ 1.2. ఇంకా పాత లెక్కకు రాలేదు. నొప్పి ఉంది, కానీ జెల్‌కి ఫిజీషియన్ గారు సరేనన్నారు. అక్క చెప్పిన తువ్వాలు వ్యాయామం మా చెల్లెలు దగ్గరుండి చేయిస్తోంది.

ఒక సాయం కావాలి. అమ్మ మందుల డబ్బా మూత మీద పెద్ద అక్షరాలతో తెలుగులో పేర్లు రాసి అంటించాలి, ఇవి వద్దు అని. కంపెనీ పేర్లు వందలున్నాయి. ఏం రాయాలి?

ఖమ్మం మెడికల్స్

కంపెనీ పేర్లు రాయకండి, రోజుకో కొత్తది వస్తుంది. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూడాలి. ఈ పేర్లు రాసుకోండి: డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, నాప్రాక్సెన్, ఎటోరికాక్సిబ్, సెలెకాక్సిబ్, నిమెసులైడ్, మెఫెనమిక్ యాసిడ్, పైరాక్సికామ్, మెలాక్సికామ్, ఇండోమెథాసిన్, కీటోరోలాక్. చివరిది పళ్ళ డాక్టర్లు ఎక్కువగా రాస్తారు, మామూలు మనుషులకే ఐదు రోజులు దాటకూడదు, కాబట్టి పన్ను పీకించుకోవడానికి వెళ్ళినప్పుడు కిడ్నీ రిపోర్టు పట్టుకెళ్ళండి.

ఏ మందుతో అయినా తేడా చేస్తే 1800-180-3024కి ఫోన్ చేయొచ్చు, టోల్ ఫ్రీ. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే ప్రభుత్వ నంబరు. డాక్టరే చేయాలని లేదు, మీరూ చేయొచ్చు.

గోదారిగట్టు

అన్నా, మా నాన్నగారికి నడుం పట్టేసిందని ఇచ్చిన స్ట్రిప్పు మీద "థయోకాల్చికోసైడ్" అని ఉంది. అది మీ లిస్టులో లేదు. ఇవ్వొచ్చా?

ఖమ్మం మెడికల్స్

అది కండరాల బిగుతు వదిలించే మందు, ఈ కుటుంబం కాదు. కానీ ఒక్కటే ఉన్న స్ట్రిప్పు అరుదు. ఆ పేరు పక్కనో కిందో ఇంకో పేరు ఉంటుంది చూడండి, ఎసిక్లోఫెనాకో, ఎటోరికాక్సిబో.

గోదారిగట్టు

చూశాను. ఎసిక్లోఫెనాక్ 100 ఉంది. పక్కన పెట్టేశాను, కార్డియాలజిస్టుకి ఫొటో పంపించా.